నున్నరాళ్ళపల్లె తిరగలి

అనగనగా, రాళ్ళు తప్ప ఇంకేమీ పండని ఒక ఊళ్ళో, ఓబుళమ్మ అని ఒకావిడ ఉండేది.

ఊ కొట్టు తల్లీ. నువ్వు ఊ కొట్టకపోతే కథ ముందుకి కదలదు. నాకా, ఇవాళ గోడకి ఆనుకుంటే చాలు కునుకు పట్టేట్టుంది.

ఆ ఊరి పేరు నున్నరాళ్ళపల్లె. ఊళ్ళో మగవాళ్ళందరూ ఉలీ సుత్తీ పట్టినవాళ్ళే. ఊరి వెనకాల పెద్ద బండ. తెల్లవారితే బండ దగ్గరికి, పొద్దుగూకితే ఇంటికి. వాళ్ళు చేసిన గడపరాళ్ళూ, అరుగురాళ్ళూ, సన్నికళ్ళూ చుట్టుపక్కల పది ఊళ్ళకి పోయేవి. ఆ ఊరి రాయి మీద చీమ ఎక్కితే జారిపడాలి, అంత నునుపు. ఇసక వేసి, నీళ్ళు పోసి, రోజుల తరబడి రుద్దేవాళ్ళు. ఉలి గాటు ఒక్కటి కనబడినా ఆ ఇంటికి తలవంపే. గాట్లున్న రాయి గడపలో ఉంటే ఆ ఇంటికి పిల్లనిచ్చేవాళ్ళు కూడా కాదు, అంత పట్టింపు.

మగవాళ్ళు రాళ్ళని అరగదీస్తే, ఆడవాళ్ళని రాళ్ళు అరగదీసేవి. ఎట్లాగంటావా? చెప్తాను.

అప్పటికి ఇంకా తిరగలి పుట్టలేదు. పిండిమర సంగతి సరేసరి. సంగటి తినాలంటే రాగులు పిండి కావాలి కదా. పిండి కావాలంటే సన్నికల్లే గతి. పొడుగాటి సన్నికల్లు నేల మీద పరిచి, దాని మీద గింజలు పోసి, మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులా పొత్రం, అదే నూరే గుండ్రాయి, పట్టుకుని ముందుకి తొయ్యాలి. ఆ తర్వాత వెనక్కి లాగాలి. మళ్ళీ తొయ్యాలి, మళ్ళీ లాగాలి. రాగిగింజ ఎంత ఉంటుంది? ఆవగింజకి తమ్ముడు. అంత చిన్న గింజని ఒక్కొక్కటీ వెతికి వెతికి నలపాలి. నలుగురు తినే పిండికి కోడి కూయకముందు మొదలుపెడితే ఎండ వాకిట్లోకి వచ్చేది.

అదీ ఎట్లా? గోడవైపు మొహం పెట్టి, తల వంచుకుని, ఒక్కతే. పక్కన ఇంకొకరికి చోటుండదు, మాట్లాడటానికి ఊపిరుండదు.

ఓబుళమ్మకి అప్పటికి ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. కానీ కుడి భుజం అప్పుడే పట్టేసింది. చెయ్యి చెవిదాకా లేచేది కాదు. ఆమెకి ఒక కూతురు, పేరు సుంకులు. ఆ పిల్లకి జడ వెయ్యాలంటే, పిల్లని కింద కూర్చోబెట్టి, తను పీట మీద కూర్చుని, ఎడమ చేత్తోనే ఎట్లాగో అల్లేది. జడ ఎప్పుడూ ఒక పక్కకే పోయేది.

ఇంట్లో ఓబుళమ్మ అత్త గంగులమ్మ కూడా ఉండేది. ఆవిడ చెయ్యి ఎప్పుడో పోయింది. నలభై ఏళ్ళు రాయి తోసిన చెయ్యి అది. ఒళ్ళో పెట్టుకుంటే ఒళ్ళోనే ఉండేది, కావాలంటే ఎడమ చేత్తో ఎత్తి పక్కన పెట్టుకునేది. గోడకి ఆనుకుని కూర్చుని, ఇంట్లో జరిగేవన్నీ చూస్తూ, ప్రతిదానికీ ఒక వంక పెట్టేది. నోరు మాత్రం ఏమీ అరగలేదు ఆవిడకి.

ఇప్పుడు అసలు సంగతి విను. ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉండేది. దాన్ని రాయి పట్టించడం అనేవాళ్ళు. ఆడపిల్లకి ఎనిమిదేళ్ళు నిండాక వచ్చే ఏరువాక పున్నమినాడు, సన్నికల్లుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, పిల్లకి కొత్త గాజులు తొడిగి, ఆ రాతి ముందు మోకాళ్ళ మీద కూర్చోబెట్టేవాళ్ళు. తల్లి పిల్ల రెండు చేతులూ పట్టుకుని పొత్రం మీద పెట్టాలి. అంతే. ఆ పొద్దు నుంచి ఇంటి పిండిలో సగం ఆ పిల్లదే. కోడికంటే ముందు ఆ పిల్లా లేవాలి. పిల్ల ఏడుస్తుందని తెలుసు కాబట్టి, ముందే ఒక నువ్వుండ నోట్లో పెట్టేవాళ్ళు. నోరు నిండా ఉంటే ఏడుపు బయటికి రాదు కదా.

సుంకులుకి ఆ మాఘమాసంలో ఎనిమిది నిండాయి.

ఆ తర్వాత ఓబుళమ్మకి నిద్ర లేదు. పొద్దున రాయి తోస్తున్నంతసేపూ పక్కన చాప మీద పడుకున్న పిల్ల చేతులే చూసేది. సన్నటి చేతులు, మణికట్టు దగ్గర చిన్న పుట్టుమచ్చ. అవి కూడా ఇట్లాగే పోతాయి కదా అనుకునేది.

ఒకసారి ఉండబట్టలేక అడిగింది కూడా.

"అత్తా, ఈ యాడాదికి వద్దులే. వచ్చే యాడు పట్టిద్దాము. బిడ్డ సన్నంగా ఉండాది."

"నువ్వు లావుగా ఉంటివా, నేను లావుగా ఉంటినా?" అంది గంగులమ్మ. "ఈ ఊర్లో పుట్టి రాయిని తప్పించుకున్న ఆడపిల్ల ఉంటే చూపీ, నేనూ చూస్తా. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారంట. నీ చెయ్యి పోతే నీకెవురు చేసి పెడతారే? నాకు నువ్వు లేవా?"

నిజమే కదా. ఆమె చెయ్యి పూర్తిగా పడిపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగాలంటే సుంకులే దిక్కు.

అట్లా ఉండగా ఒక మధ్యాహ్నం ఓబుళమ్మ మొగుడికి సద్ది తీసుకుని బండ దగ్గరికి పోయింది. మొగుడి పేరు ఈరన్న. మంచివాడే. కానీ పొద్దస్తమానం సుత్తి చప్పుడు విని విని, ఇంటికొస్తే మాట వినబడేది కాదు, చెప్పే ఓపికా ఉండేది కాదు. ఆ ఊళ్ళో అందరిదీ అదే అలసట.

ఓబుళమ్మ గంప దించి నీడన కూర్చుంది. అక్కడ నలుగురు ఒక పెద్ద రాతిని తోస్తున్నారు. హైసా అంటే హైసా అని బలమంతా పెట్టి తోశారు. రాయి వెంట్రుకవాసి కూడా కదలలేదు. అప్పుడు ఈరన్న, "ఆగండప్పా" అని వచ్చి, గునపంతో రాతిని కాస్త ఎత్తి, సరిగ్గా నడిమి కిందకి ఒక గులకరాయిని నెట్టాడు. ఆ తర్వాత రాతి కొస మీద ఒంటిచెయ్యి వేసి నెమ్మదిగా తిప్పాడు.

నలుగురు తోస్తే కదలని రాయి ఒక్కడు తిప్పితే గిర్రున తిరిగింది.

రాళ్ళపని వాళ్ళకి అది రోజూ చేసే పనే, వింతేమీ కాదు. అందుకే ఎవ్వరూ అటు చూడలేదు. ఓబుళమ్మ చూసింది. రాయి తిరిగిన చోట ఒక అంచు కింద ఎండుటాకులు పడి ఉన్నాయి. పోయి వేలితో తీసి చూస్తే పొడి పొడి అయి ఉన్నాయి.

ఆ సాయంత్రం ఈరన్నకి సంగటి పెడుతూ అడిగింది.

"ఇదో, రాయిని తోసేదానికంటే తిప్పేది సులువు గదా?"

"రాళ్ళతో పుట్టి రాళ్ళతో పెరిగినోనికి చెప్తాండావా?" అన్నాడు ఈరన్న.

"మరి మేమెందుకు తోస్తాండాము?"

ఈరన్న నోటి దగ్గరికి తీసుకుపోయిన ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అతను పుట్టినప్పటినుంచీ వాళ్ళమ్మ తోస్తూనే ఉంది. ఎందుకు తోస్తోందని ఎన్నడూ అనుకోలేదు. ఒళ్ళో చెయ్యి పెట్టుకుని కూర్చున్న గంగులమ్మ వైపు ఒకసారి చూశాడు. ఆ తర్వాత తినేసి లేచాడు.

మరుసటి రోజు బండ నుంచి రెండు రాళ్ళు దొర్లించుకొచ్చాడు.

గుండ్రంగా రెండు చక్రాలు చెక్కాడు. ఊరి పద్ధతి ప్రకారం అద్దంలా నున్నగా రుద్దాడు. పనికి పోయి వచ్చాక, సంజెవేళ, రోజూ కాస్త కాస్త. పన్నెండు రోజులు పట్టింది. అప్పుడు ఒకదాని మీద ఒకటి పెట్టి, మధ్యలో గుప్పెడు రాగులు వేసి, ఓబుళమ్మ పైరాతిని తిప్పింది. ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టుకి పక్కకి జరిగింది. మూడో చుట్టుకి రాయి కిందికి దిగి, దొర్లుకుంటూ పోయి గంగులమ్మ కాలి దగ్గర పడింది.

"అయ్యో నా కాలు!" అని అరిచింది గంగులమ్మ. "చెయ్యి తీసుకున్నది చాలదా? ఇంగ కాలు గూడా కావాలనా మీకు?"

కాలికేమీ కాలేదులే. నోటికి పని దొరికింది, అంతే.

ఓబుళమ్మ ఆలోచించింది. బండ దగ్గర రాయి ఎందుకు జారలేదు? నడుమ గులకరాయి ఉంది కాబట్టి. దీనికీ నడుమ ఏదో ఒకటి పట్టుకునేది ఉండాలి. అప్పుడు ఈరన్న కిందిరాయి నట్టనడుమ చిన్న గుంట తొలిచి, చండ్రకర్ర మేకు ఒకటి బిగించాడు. పైరాయికి నడుమ కాస్త పెద్ద కన్నం పెట్టాడు. మేకు ఆ కన్నంలో నిలబడుతుంది, దాని పక్కన మిగిలిన సందులోంచి గింజలు పొయ్యొచ్చు. పైరాయి అంచున ఇంకో కన్నం పెట్టి, పట్టుకోవడానికి కర్ర పిడి దిగ్గొట్టాడు.

ఇప్పుడు తిప్పితే రాయి ఎటూ పోలేదు. చప్పుడు కూడా లేదు, వెన్న మీద వెన్న తిరిగినట్టు తిరిగింది. ఓబుళమ్మ సంతోషం చూడాలి. సుంకులు చప్పట్లు కొట్టింది. కన్నంలో రాగులు పోసి తిప్పారు. చుట్టూ రాగులు రాలాయి.

రాగులు పోస్తే రాగులే వచ్చాయి తల్లీ. ఒక్క గింజ కూడా చిట్లలేదు. పైగా తుడిచినట్టు నిగనిగలాడుతున్నాయి.

పక్కింటి నరసక్క పిట్టగోడ మీదనుంచి చూస్తూనే ఉంది. ఊళ్ళో ఏ పిల్లకి రాయి పట్టించినా ముందుండి జరిపించేది ఆమే. "బాగుండాదమ్మే! కొండను తవ్వి ఎలకను పట్టినారు. రాగులకు తలంటు పోసే రాయి చేసినారు గదా, దండోరా ఏపిద్దామా?" అని పకపకా నవ్వింది. ఆ మాట సాయంత్రానికల్లా ఊరంతా పాకింది.

ఈరన్నకి తల కొట్టేసినట్టయింది. బండ దగ్గర కూడా ఎకసెక్కాలే. అతను రాయి చుట్టూ తిరిగి, అరచేత్తో తడిమి తడిమి చూసి చివరికి ఒక మాటన్నాడు.

"నునుపు చాల్లేదు."

నవ్వకు. ఆ ఊరివాళ్ళ బుర్ర అంతే. తలుపు పట్టకపోతే గడప నునుపు చాల్లేదనేవాళ్ళు. ఇంట్లో కడవ నిలబడకపోతే అరుగు నునుపు చాల్లేదనేవాళ్ళు. తాతలనాటినుంచీ వాళ్ళకి తెలిసిన మందు అదొక్కటే. ఇంకా రుద్దాడు. నీళ్ళు పోసి, సన్న ఇసక వేసి, ఇంకో పదిహేను రోజులు రుద్దాడు. ఓబుళమ్మ కూడా ఎడమ చేత్తో రుద్దింది. ఆమెదీ ఆ ఊరే కదా, ఆమెకి మాత్రం వేరే ఏం తెలుసు? మొగుడు బండ నుంచి వచ్చి, పెళ్ళాం పొత్రం దగ్గరనుంచి లేచి, మళ్ళీ ఇద్దరూ రాతి ముందే కూర్చునేవాళ్ళు. ఒకరి మొహం ఒకరు చూసుకునే ఓపిక కూడా లేదు.

రుద్దగా రుద్దగా రాయిలో మొహం కనబడింది. ఈసారి గింజలు పోస్తే ఇంతకుముందుకంటే తొందరగా జారి బయటపడ్డాయి. ఓబుళమ్మకి ఒళ్ళు మండి పిడి పట్టుకుని గట్టిగా తిప్పింది. అరిగి అరిగి కన్నం దగ్గర పల్చబడిపోయిన పైరాయి ఫటుక్కున రెండు ముక్కలయింది. ఆ దెబ్బకి కిందిరాయి అంచు కూడా ఎగిరిపోయింది.

ఏరువాక పున్నమి ఇంక నాలుగు రోజులుంది.

గంగులమ్మ అప్పటికే ఏర్పాట్లు మొదలుపెట్టింది. పసుపు దంచించింది. నువ్వులు వేయించి ఉండలు చేయించింది. గాజులమ్మే ఆవిడని పిలిపించింది. సుంకులుకి ఇదంతా పండగ. పిల్ల కదా, పసుపు వాసన వస్తే పండగే అనుకుంటుంది.

"అమ్మా, నాకు ఎర్ర గాజులా, పచ్చ గాజులా?" అని అడిగింది వచ్చి, తల్లి మెడ చుట్టూ చేతులేసి.

ఓబుళమ్మ ఏం చెప్తుంది? "నీ యిష్టం తల్లీ" అంది. ఆ తర్వాత దొడ్లోకి పోయి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పెళ్ళయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

ఈరన్న చూశాడు. బండకి పోయి మళ్ళీ రెండు రాళ్ళు తెచ్చాడు.

మొదటి రోజు కిందిరాయి చెక్కాడు. రెండో రోజు పైరాయి చెక్కాడు. మూడో రోజు కన్నాలు తొలిచి, మేకు బిగించి, పిడి పెట్టాడు. పగలు బండ పని, సాయంత్రం ఈ పని. పున్నమి ఇంక తెల్లవారితే అనగా రాళ్ళు రెండూ సిద్ధమయ్యాయి, కానీ ఒక్క రుద్దు కూడా రుద్దలేదు. రెండు రాళ్ళ మొహాల నిండా ఉలి గాట్లే. ఇసక పిడికిట్లోకి తీసుకున్నాడు. నీళ్ళ ముంత దగ్గరికి జరుపుకున్నాడు. అంతే, అట్లాగే రాతికి ఆనుకుని నిద్రపోయాడు. పిడికిట్లో ఇసక పిడికిట్లోనే ఉంది.

ఆ తర్వాత ఏమయిందో విను.

రోజూ లేచినట్టే ఓబుళమ్మ కోడి కూయకముందే లేచింది. ఆ పొద్దు పండగ పిండి, మామూలుకంటే రెట్టింపు కావాలి. సన్నికల్లు దగ్గరికి పోయింది. మోకాళ్ళు వంచబోయింది. అవి వంగలేదు. నిజంగానే వంగలేదు. ఒళ్ళంతా ఒక్కసారిగా ఇంక నావల్ల కాదు అన్నట్టు, ఉన్నచోటే కూలబడిపోయింది. కూలబడింది ఎక్కడ? కొత్త రాళ్ళ పక్కన.

చెయ్యి చాపితే అందేది పిడి ఒక్కటే. పైరాతిని చూసింది. ఛీ, ఎన్ని గాట్లు! ఎవరైనా చూస్తే ఊళ్ళో తలెత్తుకోలేం. మొగుణ్ణి లేపి రుద్దమందామా అనుకుంది. అతని మొహం చూస్తే లేపబుద్ధి కాలేదు. తనే రుద్దుదామా అనుకుంది. భుజం లేవలేదు. పోనీలే, ఎట్లా ఉంటే అట్లా ఉండనీ అనుకుని, చేటలోంచి గుప్పెడు రాగులు తీసి కన్నంలో పోసి, కూర్చున్నచోటునుంచే పిడి పట్టుకుని తిప్పింది.

గర్రుమంది. అంతకుముందు రాళ్ళు ఎన్నడూ అరవలేదు, ఇవి అరిచాయి. చుట్టూ ఏదో రాలింది. చేత్తో తడిమితే గరుకుగా ఉంది. సగం రాతిపొడే, పారబోసింది. మళ్ళీ గుప్పెడు పోసి తిప్పింది. నూక రాలింది. మూడో గుప్పెడు పోసి, కొంచెం కొంచెంగా వదులుతూ నెమ్మదిగా తిప్పింది.

పిండి రాలింది తల్లీ. రాతి చుట్టూ మెత్తటి రాగిపిండి. ఓబుళమ్మ రెండు వేళ్ళతో తీసుకుని నలిపింది. నమ్మకం కలగక నోట్లో వేసుకుంది.

నునుపు రాయి మీద గింజ జారిపోతుంది. గాట్లున్న రాయి గింజని పట్టుకుని కొరుకుతుంది. పైగాటుకీ కిందిగాటుకీ మధ్య దొరికిన గింజ నలగక ఏం చేస్తుంది? నలిగిన పిండి ఆ గాట్ల దారినే అంచుకి వచ్చి కింద పడుతుంది. ఇప్పుడు వాటిని కక్కు అంటారు. విసరగా విసరగా కక్కు అరిగిపోతే మళ్ళీ ఉలితో కొట్టించుకోవాలి. నా చిన్నప్పుడు 'తిరగలికి కక్కు కొడతాం' అని వీధి వీధీ తిరిగేవాళ్ళు. కానీ ఆ పొద్దు ఓబుళమ్మకి ఇవేవీ తెలియదు. ఓపిక లేక ఊరుకుంటే పిండి రాలింది, ఆమెకి తెలిసింది అంతే.

చప్పుడుకి గంగులమ్మ లేచింది.

"ఏందే ఆ గరగర? పందికొక్కులా?" అంటూ గోడ పట్టుకుని వచ్చింది. వచ్చి, పిండిని చూసి, కోడలిని చూసి, నోరు తెరిచి ఏమీ అనకుండా మూసేసింది. ఆవిడ నోరు మూయడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.

"అత్తా, ఇట్ల నా ఎదురుగా కూచో" అంది ఓబుళమ్మ.

"నేను కూచ్చొని ఏం జేసేది? నాకు చెయ్యి యాడుండాది?"

ఓబుళమ్మ ఆవిడ చెయ్యిని ఒళ్ళోంచి ఎత్తి పిడి మీద పెట్టింది. పైన తన చెయ్యి వేసి తిప్పింది. తొయ్యడమైతే ఆ చేతివల్ల అయ్యేది కాదు. కానీ తిరిగే రాతితో పాటు అదీ తిరిగింది. పిడి తన ముందుకి వచ్చినప్పుడు ఓబుళమ్మ లాగింది, అటు పోయినప్పుడు గంగులమ్మ చెయ్యి దానంతటదే పోయింది. ఇంకో నాలుగు చుట్లకి కొంచెం బలం కూడా పెట్టింది ఆ ముసలి చెయ్యి.

ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. పదేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నారా, అట్లా ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్నది ఎన్నడూ లేదు. ఒకరు గోడకి మొహం పెడితే ఇంకొకరు వీపు చూడటమే.

చాలా చుట్లు తిరిగాక గంగులమ్మ మెల్లగా అంది.

"నన్ను కూచ్చోబెట్టినప్పుడు నాకు ఏడు కూడా నిండలేదమ్మే. మా యమ్మకు జబ్బుగా ఉండెనని ముందే పట్టించిరి. నువ్వుండ నోట్లోనే ఉండాది, నమలను గూడా లేదు. మా యమ్మ నా చేతులు పట్టుకుని రాతి మీద పెట్టింది. నేను ఏడిస్తి. చూస్తే మా యమ్మ గూడా ఏడుస్తాండాది. ఎందుకేడుస్తాండాదో నాకు అప్పుడు తెలీలే."

రాయి తిరుగుతూనే ఉంది. గంగులమ్మ కళ్ళు తుడుచుకోవాలంటే ఎడమ చెయ్యి ఉంది, అయినా తుడుచుకోలేదు.

ఇంతలో ఈరన్నకి మెలకువ వచ్చింది. లేచీ లేవగానే రాతి మొహం చూశాడు.

"అయ్యో, గాట్లు! రుద్దనే లేదు గదా! ఊరంతా వచ్చే పొద్దు" అంటూ పిడికిట్లో ఇసకతో రాతి మీదకి వంగాడు.

"ముట్టుకున్నావంటే చేతులిరగ్గొడతా" అంది గంగులమ్మ. "నీ నునుపు నీ దగ్గరే పెట్టుకో. నలభై ఏండ్లు నునుపు మిందే తోసి చచ్చినా నేను."

ఈరన్న ఇసక కింద పోసేసి, పిండి చూసి, తన ఉలి చూసుకుని, అట్లాగే నేల మీద కూర్చుండిపోయాడు.

అప్పటికి బాగా తెల్లవారింది. ఊళ్ళో ఆడవాళ్ళందరూ పసుపూ కుంకుమా పట్టుకుని పిల్లకి రాయి పట్టించడానికి వచ్చారు. ముందు నరసక్క. అందరివీ అరిగిన భుజాలే. ఒకామె పళ్ళాన్ని నడుముకి ఆనించి పట్టుకుంది, ఇంకొకామె ఎడమ చేత్తోనే తెచ్చింది. పొద్దున్నే వాళ్ళ వాళ్ళ పిండి తోసి వచ్చినవాళ్ళే కదా, నిలబడే ఓపిక కూడా లేదు వాళ్ళకి.

"ఏమ్మా, సన్నికల్లుకు ఇంగా పసుపే రాయల్యా?" అంది నరసక్క. "బిడ్డ యాడ?"

"పండుకోనుండాది" అంది గంగులమ్మ, తిప్పడం ఆపకుండా.

"పొద్దెక్కినాక ఇంగా పండుకునేదేంది? లేపండి, స్నానం చేపిద్దాము."

"ఎవురూ లేపొద్దు."

"అదేంది పెద్దమ్మా? ఆచారం—"

"నేను పెట్టిన ఆచారం గాదు గానీ, ఇంతకాలం పట్టుకోనింది నేనే గదా. ఇడిసిపెడతాండా. బిడ్డ నిద్ర పోనీ."

నరసక్క ఇంకేదో అనబోయింది. రాతి చుట్టూ పిండి కనబడింది. తర్వాత ఎదురెదురుగా కూర్చున్న అత్తాకోడళ్ళు కనబడ్డారు. అప్పుడు ఆమె కళ్ళు చాప మీదకి పోయాయి.

చాప మీద సుంకులు వెల్లకిలా పడుకుని ఉంది. కాళ్ళు ఒక దిక్కు, చేతులు ఒక దిక్కు. కిటికీలోంచి ఎండ నేరుగా బుగ్గ మీద పడుతోంది. నోరు కొంచెం తెరుచుకుని, సన్నగా గురక పెడుతోంది. ఆ ఊళ్ళో ఎనిమిదేళ్ళు దాటిన ఆడపిల్ల ఎండ పడ్డాక నిద్రపోవడం అక్కడున్నవాళ్ళు ఎవ్వరూ చూడలేదు. వాళ్ళ పిల్లల్ని చూడలేదు, వాళ్ళని వాళ్ళు ఎట్లాగూ చూసుకోలేదు.

నరసక్క పళ్ళెం చప్పుడు కాకుండా కింద పెట్టింది. వెనకున్నవాళ్ళు ఒకరినొకరు "ష్" అనుకున్నారు. ఒకామె లోపలికి వచ్చి, తన కొంగు చాచి, పిల్ల కళ్ళ మీద ఎండ పడకుండా అడ్డం పట్టుకుని నిలబడింది.

అంతే తల్లీ. ఏదీ, ఊ కొట్టడం ఆపేశావే? సరేలే.

రాయి మీద రాయి తిరిగె,
రాగిపిండి చుట్టు కురిసె,
అత్త నవ్వె, కోడలు నవ్వె,
అలిసిపోయిన చెయ్యి నవ్వె,
కథ నడిచి కంచి చేరె,
కాళ్ళు చాపి నువ్వు పడుకో,
పొద్దెక్కినా లేపము లే.